పాల్ మెస్కల్ నాలుగేళ్లలో అంత పైకి ఎలా వెళ్లాడు?

మీరు అడిగినదాంట్లో మూడు ప్రశ్నలున్నాయి. 2020కి ముందు వెతికినా కనపడని ఐరిష్ నటుడు పాల్ మెస్కల్, 2024 వచ్చేసరికి రిడ్లీ స్కాట్ ‘గ్లాడియేటర్ 2’లో హీరో ఎలా అయ్యాడు? టీవీ సిరీస్‌తో మొదలైనవాడికి సినిమాల్లో మార్కెట్ ఎలా వచ్చింది? యాభై లక్షలు దాటిన జనాభా ఉన్న ఐర్లండ్ నుంచి ఒక్కసారిగా ఇంతమంది నటులు ఎలా వస్తున్నారు, వెనకాల ఎవరైనా పెద్దవాళ్లున్నారా?

నేను డబ్లిన్‌లో సినిమాలకీ సిరీస్‌లకీ ప్రొడక్షన్ అకౌంట్స్ చూస్తాను. నటన మీద పాఠం చెప్పేంత పండితుణ్ని కాను. కానీ ఎవరు ఏ సినిమా తర్వాత ఏది ఒప్పుకున్నారు, అది ఎంత ఖర్చులో తీసే సినిమా అన్నవి మా ఆఫీసులో టీ తాగుతూ మాట్లాడుకునే మాటలే. మెస్కల్‌తో నాకు పరిచయం లేదు. కింద ఉన్నవన్నీ అందరికీ తెలిసిన విషయాలే, అభిప్రాయాలు మాత్రం నావి.

ముందు ఆఖరి ప్రశ్న. పెద్దవాళ్లెవరూ లేరు. మెస్కల్ 1996లో పుట్టాడు, మేనూత్‌లో పెరిగాడు. డబ్లిన్‌కి పడమరగా, కిల్డేర్ కౌంటీలో ఉన్న యూనివర్సిటీ ఊరది. మనవాళ్ల పిల్లలు మాస్టర్స్‌కి వస్తుంటారు కాబట్టి మీలో కొందరు ఆ పేరు వినే ఉంటారు. అమ్మ పోలీసు ఉద్యోగి. నాన్న స్కూల్ టీచర్, నాటకాల్లో వేషాలు కూడా వేసేవాడు. సినిమా వాసన అంతవరకే.

కుర్రాడి పిచ్చంతా గేలిక్ ఫుట్‌బాల్ అనే ఐర్లండ్ సొంత ఆట మీద ఉండేది. కిల్డేర్ తరఫున మైనర్, అండర్-21 జట్లకి ఆడాడు. ఇక్కడ కౌంటీ జట్టుకి ఆడటమంటే ఊళ్లో అందరూ పేరు పెట్టి పలకరించే స్థాయి. అయితే ఆ ఆటలో జీతాలుండవు. ఆల్ ఐర్లండ్ ఫైనల్లో ఎనభై వేలమంది ముందు ఆడినవాడు కూడా సెలవు అయిపోగానే బ్యాంకుకో బడికో వెళ్లి పని చేసుకోవాల్సిందే. దవడ విరిగాక మెస్కల్ ఆ ఆట మానేశాడు. ఆలోపే స్కూల్లో వేసిన ఒక మ్యూజికల్ నాటకంలో ప్రధాన పాత్ర చేసి, ఆ రుచి మరిగి ఉన్నాడు.

తర్వాత ట్రినిటీ కాలేజీకి చెందిన ‘ద లిర్’ అకాడమీలో చేరాడు. 2011లో మొదలైన నటనా కళాశాల అది, లండన్‌లోని రాడా అనే పేరున్న నటనా కళాశాలతో కలిసి పనిచేస్తుంది. నటన కోర్సులో ఏటా గుప్పెడు మందినే తీసుకుంటారు. 2017లో అక్కడి నుంచి బయటికి వచ్చీ రాగానే డబ్లిన్ గేట్ థియేటర్‌లో ‘ద గ్రేట్ గాట్స్‌బీ’లో గాట్స్‌బీ వేషమే దొరికింది. చిన్న విషయం కాదది. 1928 నుంచి నడుస్తున్న గేట్‌లో, చదువు పూర్తికాగానే పెద్ద వేషం అందరికీ రాదు. ఆ తర్వాత రెండున్నరేళ్లు వరసగా నాటకాలే. లండన్‌లో లిరిక్ హామర్‌స్మిత్‌లో షాన్ ఒకేసీ నాటకం, డబ్లిన్‌లో జాయిస్ నవల ఆధారంగా మరొకటి, ఇంకా కొన్ని. మధ్యలో ఒక సాసేజ్‌ల కంపెనీ టీవీ యాడ్. పేరొచ్చాక ఆ యాడ్‌ని జనం తవ్వి తీసి తెగ నవ్వుకున్నారు.

మీకు 2020కి ముందు ఏమీ కనపడకపోవడానికి కారణం ఇదే. నాటకం వేసినవాడి పని వెబ్‌సైట్లలో మిగలదు. రాత్రి పదింటికి హాల్లో లైట్లు వెలిగితే అంతే సంగతులు. ‘రాత్రికి రాత్రే స్టార్’ అని రాసినవాళ్లు ఈ రెండున్నరేళ్లనీ, అంతకుముందు కాలేజీలో పడ్డ శిక్షణనీ వదిలేసి రాశారు.

ఇక అసలు మలుపు ‘నార్మల్ పీపుల్’. ఐరిష్ రచయిత్రి శాలీ రూనీ రాసిన ఈ నవల 2018లో వచ్చింది. డబ్లిన్‌కి చెందిన ఎలిమెంట్ పిక్చర్స్ దాన్ని బీబీసీ, అమెరికా స్ట్రీమింగ్ సంస్థ హులూల కోసం పన్నెండు ఎపిసోడ్లుగా తీసింది. మొదటి ఆరు లెనీ అబ్రహామ్‌సన్, చివరి ఆరు హెటీ మెక్‌డొనాల్డ్ డైరెక్ట్ చేశారు. కానల్ అనే కుర్రాడి పాత్ర మెస్కల్‌ది. స్లైగో కౌంటీలో చిన్న ఊరు, స్కూల్లో ఫుట్‌బాల్ హీరో, అమ్మ ఆ ఊళ్లోని ఉన్నవాళ్ల ఇంట్లో పనిచేస్తుంది. ఆ ఇంటమ్మాయే మారియాన్. బళ్లో అందరూ దూరం పెట్టే ఆ పిల్లతో ఇతను చాటుగా ప్రేమలో పడతాడు, నలుగురిలో మాత్రం తెలియనట్టు తిరుగుతాడు. తర్వాత ఇద్దరూ ట్రినిటీకి వస్తారు, అక్కడ ఆమె అందరికీ కావలసిన మనిషి, ఇతను ఒంటరి. కెమెరా ముందు పెద్దగా అనుభవం లేని కుర్రాడికి ఇంత బరువు అప్పజెప్పడం ధైర్యమే. కాకపోతే ఫుట్‌బాలర్‌గా నడక నేర్పాల్సిన పనిలేదు, చిన్న ఊరి నుంచి ట్రినిటీ గేటు దాటినప్పటి బెరుకు నేర్పాల్సిన పనీ లేదు.

2020 ఏప్రిల్ చివర్లో సిరీస్ విడుదలైంది. అప్పటికి నెల రోజులుగా ఐర్లండ్, బ్రిటన్ రెండూ లాక్‌డౌన్‌లో ఉన్నాయి. మనుషులు ఒకరినొకరు ముట్టుకోవడానికే భయపడుతున్న రోజుల్లో ఇద్దరు ఒకరి దగ్గర ఒకరు ఊపిరి తీసుకునే కథ ఇళ్లలోకి వచ్చింది. ఇక్కడ లక్కు ఉంది, కాదనను. కానల్ మెడలో వెండి గొలుసుకి ఇన్‌స్టాగ్రామ్‌లో ప్రత్యేకంగా ఒక పేజీ పుట్టుకొచ్చింది. మెస్కల్ తన గొలుసుని లాటరీ పెట్టి, ఆత్మహత్యల నివారణ కోసం పనిచేసే ఒక ఐరిష్ స్వచ్ఛంద సంస్థకి డెబ్భై వేల యూరోల పైచిలుకు తెచ్చిపెట్టాడు. ఎమ్మీ నామినేషన్ వచ్చింది, 2021లో బ్రిటన్ వాళ్ల బాఫ్తా టీవీ ఉత్తమ నటుడి అవార్డు చేతికొచ్చింది.

గొలుసు గోల పక్కన పెట్టి పదో ఎపిసోడ్ ఒక్కటి చూడండి. స్కూల్ స్నేహితుడు ఆత్మహత్య చేసుకున్నాక కానల్ డిప్రెషన్‌లో పడి కాలేజీ కౌన్సెలర్ దగ్గరికి వెళ్తాడు. ఒక గది, రెండు కుర్చీలు, అంతే. మొదట్లో మర్యాదగా, ముక్తసరిగా జవాబులిస్తాడు. అలా మాట్లాడుతూ మాట్లాడుతూ, వదిలేసి వచ్చిన ఊరికి ఇక తిరిగి వెళ్లలేననీ, ఇక్కడా ఇమడలేకపోతున్నాననీ చెప్పే దగ్గర గొంతు జారిపోతుంది. కెమెరా అతని ముఖం మీదే ఉండిపోతుంది. ఏడుపు ఆపుకోవాలని చూసి, చేతకాక, ఆ చేతకానితనానికి సిగ్గుపడుతున్న మనిషి కనిపిస్తాడు. డైలాగ్ గొప్పగా పలికాడని అనిపించదు. గది తలుపు తోసుకుని మనం తప్పు సమయంలో లోపలికి వచ్చామేమో అనిపిస్తుంది.

సరే, అంత హిట్ తర్వాత ఏం చెయ్యాలి? ఇరవై నాలుగేళ్ల వయసు, ఫోన్ మోగుతూనే ఉంటుంది. అకౌంటెంట్ బుర్రతో ఆలోచిస్తే వెంటనే ఒక పెద్ద ప్రేమకథో, ఏదో ఒక సూపర్‌హీరో సినిమాలో నాలుగో హీరో వేషమో పట్టుకోవాలి. ఇతను వేరే దారిన పోయాడు. నన్నడిగితే అతని కెరీర్‌లో తెలివైన రోజులు 2020 నుంచి 2022 దాకానే. తర్వాత వచ్చిందంతా ఆ రెండేళ్ల ఫలితం.

మొదటి సినిమా మ్యాగీ జిల్లెన్‌హాల్ దర్శకురాలిగా తీసిన తొలి చిత్రం ‘ద లాస్ట్ డాటర్’. గ్రీసు దీవిలో షూటింగ్, హీరోయిన్ ఒలీవియా కోల్మన్. మెస్కల్‌ది బీచ్‌లో కుర్చీలు సర్దే కుర్రాడి చిన్న వేషం. ఎవరి పక్కన నిలబడుతున్నాం అన్నది చూసుకున్నాడు తప్ప ఎన్ని సీన్లని లెక్క పెట్టుకోలేదు. తర్వాత ‘గాడ్స్ క్రీచర్స్’. డొనెగాల్‌లో తీశారు. చేపల మీద బతికే ఊరు, చాన్నాళ్లకి ఇంటికొచ్చిన కొడుకు, అతని మీద అత్యాచారం ఆరోపణ, కొడుకు కోసం అబద్ధం చెప్పే తల్లిగా ఎమిలీ వాట్సన్. అమ్మాయిలందరూ మెచ్చుకుంటున్న కుర్రాడు కోరి ఇలాంటి వేషం వేశాడంటే, ఆ మెప్పు తనని ఎక్కడ ఇరికిస్తుందో అతనికి తెలుసన్నమాట. మంచి అందగాణ్ని విలన్‌గా చూపించలేదు ఇందులో. నవ్వితే ఎవరైనా నమ్మేసే మనిషిని చూపించారు. ఆ నవ్వు కానల్ నవ్వే. అందుకే భయమేస్తుంది.

ఆ సినిమా చూపించిన 2022 కాన్ సినిమా పండక్కే ‘ఆఫ్టర్‌సన్’ కూడా వచ్చింది. స్కాట్లండ్ అమ్మాయి షార్లట్ వెల్స్ తొలి సినిమా. ముప్ఫై ఏళ్ల తండ్రి కాలమ్, పదకొండేళ్ల కూతురు సోఫీ, టర్కీలో ఒక మామూలు రిసార్టులో సెలవులు. కథంటే ఇంతే. తండ్రికి లోపల ఏదో బాగాలేదని మనకి మెల్లగా తెలుస్తుంటుంది, పిల్లకి మాత్రం చాలా ఏళ్ల తర్వాతే తెలుస్తుంది. ఒక చోట సోఫీ అక్కడున్న టూరిస్టులని పోగేసి, తండ్రి పుట్టినరోజుకి అందరిచేతా పాట పాడిస్తుంది. కాలమ్ మెట్ల మీద నిలబడి కిందికి చూస్తుంటాడు. నవ్వడు, అలాగని ఏడవడు. ఆ ముఖం మీదే మెల్లగా తర్వాతి షాట్ వచ్చి చేరుతుంది. చీకటి గదిలో మంచం అంచున కూర్చుని వెక్కి వెక్కి ఏడుస్తున్న మనిషి వీపు. ముఖం చూపించరు.

కౌన్సెలర్ సీన్‌లో ముఖం తప్ప ఏమీ లేదు, ఇక్కడ ముఖమే లేదు. రెండూ చేసి మెప్పించాడు. రంగస్థలం మీద పనిచేసినవాళ్లకి వీపుతో నటించడం అలవాటే, ఎందుకంటే అక్కడ క్లోజప్ ఉండదు. ఈ చిన్న సినిమాకే 2023లో ఆస్కార్ ఉత్తమ నటుడి నామినేషన్ వచ్చింది. ఆ ఏడాది నటన విభాగాల్లో ఐదుగురు ఐరిష్ వాళ్లున్నారు: మెస్కల్, కాలిన్ ఫారెల్, బ్రెండన్ గ్లీసన్, కెరీ కాండన్, బ్యారీ కియోగన్. ఇక్కడి పేపర్లు వారం రోజులు వేరే వార్త రాయలేదంటే నమ్మండి.

నామినేషన్ ప్రకటించిన జనవరిలో అతను ఎక్కడున్నాడో తెలుసా? లండన్‌లోని అల్మైడా అనే చిన్న థియేటర్‌లో ‘ఎ స్ట్రీట్‌కార్ నేమ్డ్ డిజైర్’ నాటకంలో స్టాన్లీ వేషం వేస్తున్నాడు. మూడొందల చిల్లర సీట్ల హాలు అది. రెబెకా ఫ్రెక్‌నాల్ దర్శకత్వం. మార్లన్ బ్రాండో పేరుతో ముడిపడిపోయిన పాత్ర కాబట్టి పోలిక తప్పదు, ఆ టెన్షన్ తెలిసే ఒప్పుకున్నాడు. ఆ ఏప్రిల్‌లో లండన్ నాటకాలకిచ్చే ఒలివియె ఉత్తమ నటుడి అవార్డు వచ్చింది. బ్లాంచ్‌గా చేసిన ప్యాట్సీ ఫెరాన్‌కి ఉత్తమ నటి నామినేషన్, స్టెల్లాగా చేసిన అంజనా వాసన్‌కి ఉత్తమ సహాయ నటి అవార్డు కూడా అదే నాటకానికి. అంజన చెన్నైలో పుట్టి సింగపూర్‌లో పెరిగిన అమ్మాయి, ఆమె గురించి మనవాళ్లు ఎందుకు మాట్లాడుకోరో నాకు అర్థం కాదు.

అన్నీ గురి తప్పని బాణాలేం కావు. ‘కార్మెన్’ అనే డాన్స్ సినిమా వచ్చి వెళ్లినట్టు కూడా తెలియలేదు. సర్షా రోనన్‌తో చేసిన ‘ఫో’ మీద ఎన్నో ఆశలుండేవి, విమర్శకులు చీల్చి చెండాడారు. కానీ అదే 2023లో ఆండ్రూ స్కాట్‌తో చేసిన ‘ఆల్ ఆఫ్ అజ్ స్ట్రేంజర్స్’ వచ్చి లెక్క సరిచేసింది. చిన్న బడ్జెట్లలో ఉన్న లాభం ఇది. ఒకటి పోతే నిర్మాత తలమీద చెయ్యి పెట్టుకుంటాడు గానీ నటుడి పేరు మునగదు.

ఇప్పుడు ‘గ్లాడియేటర్ 2’. ‘నార్మల్ పీపుల్’ చూసే ఇతణ్ని అనుకున్నానని రిడ్లీ స్కాట్ ఇంటర్వ్యూల్లో స్వయంగా చెప్పాడు. కాబట్టి టీవీ చేస్తే సినిమా మార్కెట్ పోదా అన్న మీ రెండో ప్రశ్నకి జవాబు ఇక్కడే దొరుకుతుంది. మన దగ్గర సీరియల్ నటుడికీ సినిమా హీరోకీ మధ్య ఉన్న గోడ ఐర్లండ్, బ్రిటన్‌లలో లేదు. పన్నెండు ఎపిసోడ్ల సిరీస్‌కీ సినిమాకీ పనిచేసే దర్శకులు వాళ్లే, కెమెరామెన్ వాళ్లే, కంపెనీలు అవే. మా దగ్గరికి వచ్చే బిల్లుల్లో కూడా పెద్ద తేడా ఉండదు. పైగా అరగంట ఎపిసోడ్లు పన్నెండంటే ఆరు గంటల ఆడిషన్ టేపు దర్శకుడి చేతిలో ఉన్నట్టే కదా.

2024 నవంబర్‌లో విడుదలై ప్రపంచవ్యాప్తంగా 45 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసింది. ఖర్చు కూడా ఆ స్థాయిలోనే ఉంది కాబట్టి బ్లాక్‌బస్టర్ అని ఎగరలేం, నష్టపోయిందనీ అనలేం. నటనవరకు నా మాట సూటిగా చెప్తాను: సినిమాని డెంజెల్ వాషింగ్టన్ ఎత్తుకుపోయాడు. మెస్కల్ బలమంతా దాచుకోవడంలో ఉంది. అరిచి సైన్యాన్ని కదిలించే రాజసం 2000లో వచ్చిన మొదటి ‘గ్లాడియేటర్’ హీరో రసెల్ క్రో దగ్గర ఉంది, ఇతని దగ్గర అంత లేదు. కత్తి బాగా తిప్పాడు, ఒళ్లు బాగా పెంచాడు, కానీ అతని పాత్ర లూషియస్ మౌనంగా ఉన్న సీన్లే నాకు గుర్తున్నాయి. ఆ సినిమా ఒక్కటే చూసి ‘ఏముంది ఇతనిలో’ అని మీకు అనిపించి ఉంటే తప్పు మీది కాదు.

ఐర్లండ్ నుంచి ఇంతమంది ఎలా అన్నదానికి ‘కథలు చెప్పే జాతి’ అనే టూరిస్టు జవాబు ఒకటుంది, దాన్ని పక్కన పెట్టండి. ఊరూరా ఔత్సాహిక నాటక బృందాలున్న మాట నిజమే. మన పరిషత్తు నాటకాల పోటీల్లాగే వాళ్లూ ప్రాంతాల వారీగా పోటీపడి ఏటా ఆథ్‌లోన్‌లో ఫైనల్ ఆడతారు. మెస్కల్ నాన్నలాంటి టీచర్లు ఊరికి ఒకరిద్దరు దొరుకుతారు. కానీ అది అవసరం, సరిపోదు. డబ్బు సంగతి కూడా చూడాలి. 1987లో మూతపడ్డ ఫిల్మ్ బోర్డుని 1993లో మళ్లీ తెరిచారు, దాని ఇప్పటి పేరు స్క్రీన్ ఐర్లండ్. చిన్న సినిమాలకి అది పెట్టుబడి పెడుతుంది. సెక్షన్ 481 అని పన్ను రాయితీ ఉంది. ఇక్కడ పెట్టిన అర్హమైన ఖర్చు మీద మామూలుగా 32 శాతం వరకు వెనక్కి వస్తుంది. నేను రోజూ తల పగలగొట్టుకునే కాగితాలు ఇవే. ఆ రాయితీ కోసం ‘వైకింగ్స్’ లాంటి భారీ సిరీస్‌లు విక్లో కొండల్లోకి వచ్చాయి. రాయితీ కావాలంటే స్థానికులకి శిక్షణ ఇచ్చే ప్రణాళిక కూడా చూపించాలి. అలా కెమెరా అసిస్టెంట్లు, కాస్టింగ్ వాళ్లు, మేకప్ వాళ్లు ఇక్కడే తయారయ్యారు. ఎలిమెంట్ లాంటి కంపెనీ 2001లో మొదలై ‘రూమ్’, ‘ద ఫేవరెట్’ దాకా వెళ్లబట్టే ‘నార్మల్ పీపుల్’ నాటికి ఒక కొత్త కుర్రాణ్ని పెట్టి తీస్తామంటే బీబీసీ వినింది.

అందరూ లిర్ గేటులోంచే వస్తారని కూడా అనుకోకండి. బ్యారీ కియోగన్‌ది పూర్తిగా వేరే కథ. డబ్లిన్ నడిబొడ్డున సమ్మర్‌హిల్‌లో పెరిగాడు. తల్లి డ్రగ్స్‌కి బలైంది. అన్నదమ్ములిద్దరూ పదమూడు ఇళ్లలో ఫోస్టర్ పిల్లలుగా తిరిగారు, ఆఖరికి అమ్మమ్మ చేరదీసింది. ఒక షాపు కిటికీకి అంటించిన కాగితం చూసి తొలి సినిమాకి ఫోన్ చేశాడు. ఐర్లండ్ ప్రభుత్వ టీవీ ఆర్‌టీఈ వాళ్ల ‘లవ్/హేట్’ అనే గ్యాంగ్‌స్టర్ సిరీస్‌లో పిల్లిని చంపే కుర్రాడిగా దేశమంతా తిట్టుకుంది. అక్కడి నుంచి ‘డన్‌కర్క్’, ‘బాన్షీస్ ఆఫ్ ఇనిషెరిన్’కి బాఫ్తా, ‘సాల్ట్‌బర్న్’. మెస్కల్‌కి కాలేజీ ఉంది, ఇతనికి లేదు. ఇద్దరికీ ఉన్నది ఒక్కటే, ఇంటికి దగ్గర్లో షూటింగ్ జరిగే పరిశ్రమ.

ఇప్పుడు ఈ ఇద్దరూ ఒకేచోట చేరారు. శామ్ మెండిస్ తీస్తున్న నాలుగు బీటిల్స్ సినిమాల్లో మెస్కల్ పాల్ మెకార్ట్నీ, కియోగన్ రింగో స్టార్. 2028 ఏప్రిల్‌లో విడుదలని ప్రకటించారు. ఈలోగా 2025లో క్లోయీ జావో ‘హామ్నెట్’లో మెస్కల్ షేక్‌స్పియర్‌గా చేశాడు, భార్య పాత్రలో కెరీ కౌంటీ అమ్మాయి జెసీ బక్లీ. టొరంటో సినిమా పండగలో ప్రేక్షకుల అవార్డు దానికే వచ్చింది. రిచర్డ్ లింక్‌లేటర్ ఇరవై ఏళ్ల పాటు ముక్కలు ముక్కలుగా తీస్తున్న ఒక మ్యూజికల్‌లోనూ ఉన్నాడు. అది పూర్తయ్యేసరికి నేను రిటైరై ఉంటాను.

ఇదంతా చదివాక ఏది ముందు చూడాలని అడుగుతారేమో. ‘ఆఫ్టర్‌సన్’ పెట్టుకోండి, గంటా నలభై నిమిషాలు, ఫోన్ పక్క గదిలో పెట్టి. మొదటి అరగంట ఏమీ జరగట్లేదని విసుగొస్తుంది, లేవకండి. తర్వాత ‘నార్మల్ పీపుల్’. ఇంట్లో పెద్దవాళ్లతో కలిసి చూసే సిరీస్ కాదది, ముందే చెప్పలేదని తర్వాత నన్ను తిట్టుకోవద్దు.